ఒరిగిన చెట్ల సాక్ష్యం

కొండవాలును కొలిచే అమ్మాయి మూడోసారి గుమ్మమెక్కేసరికి వడ్రంగికి అనుమానం ముదిరి పాకాన పడింది. మొదటిసారి మంచినీళ్లడిగింది. రెండోసారి ఇల్లెప్పుడు కట్టారని అడిగింది. నీళ్లతో మొదలెట్టి ఇంటిదాకా వచ్చిన మనిషి, ఖాళీ చేయమనేదాకా పోకుండా ఉంటుందా? కొండ కిందనున్న ఆ ఇల్లు తప్ప అతనికి వేరే జానెడు చోటు లేదు.

అందుకే ఈ కొండ ఎన్నేళ్లకోసారి జారుతుందని కిందటిసారి అడిగితే తడుముకోకుండా కోతలు కోశాడు. తమ కొండకు మొహమాటమెక్కువనీ, తాత హయాంలో ఒక్కసారి తుమ్మిందనీ, ఆ తుమ్ముకి దొర్లిన రాళ్లు సైతం ఇంటిని తప్పుకుని పక్కనుంచి వెళ్లాయనీ చెప్పాడు. ఆమె నవ్వుతూ రాసుకుంది. ఆ రాసుకోవడమే అతనికి గిట్టలేదు.

ఈసారి ఆమె ఏమీ అడగలేదు. పెన్సిలంత సన్నటి కర్రపుల్లలు మూడు పనిబల్ల మీద పెట్టింది. ఇంటి పైన ఒరిగి ఉన్న మూడు చెట్లలోంచి బోలు బరమాతో తొలిచి తీసినవట.

"కర్ర సంగతి మీకన్నా తెలిసినవాళ్లు లేరన్నారు. కాస్త చూసిపెట్టండి, బాబాయ్."

"బాబాయ్ అన్నావంటే ఏదో ఎసరు పెట్టావన్నమాటే."

అంటూనే పుల్ల అందుకున్నాడు. పాడు చెయ్యి, ఊరుకోదు. కిటికీ దగ్గర తడిచేసి చూశాడు. ఏడాదికో వలయం. నేల కదిలి ఒరిగిన చెట్టు, నిలదొక్కుకునే యాతనలో ఆ ఏడు నల్లటి గట్టి కర్ర పోస్తుంది. అలాంటి పలక ఎంత చిత్రిక పట్టినా వంకర పోదు. అవి అతను పొయ్యిలోకి విసిరేసేవే. బెరడు నుంచి గోటితో లెక్కపెట్టాడు. ఆరో వలయం నలుపు. పదమూడు, పంతొమ్మిది, ఇరవయ్యారు. రెండో పుల్లయినా అబద్ధమాడుతుందేమోనని చూశాడు. అదీ అంతే. మూడోదీ అంతే.

కొండ మీద ఎన్ని కోతలైనా కోయగలడు గానీ, కర్ర విషయంలో అబద్ధానికి నోరు రాలేదు.

"ఆరేడేళ్లకోసారి. చివరిది జరిగి ఆరేళ్లు."

ఆరేళ్ల కిందట వెనక గోడ లోపలికి ఉబ్బితే, చెమ్మేనని చెప్పి సున్నం కొట్టింది తనే. ఆ గోడవారనే తనతో ఉండే అక్క మంచం.

ఖాళీ చేయించడానికి కాదనీ, పైన నీళ్లు మళ్లించే కాలువ తవ్వించాలన్నా, వానల్లో ముందుగా హెచ్చరించాలన్నా ఈ లెక్క కావాలనీ ఆమె చెప్పింది. అతను ఒక్క ముక్క నమ్మలేదు. ఆమె చాచిన కాగితం మీద సంతకమూ పెట్టలేదు.

ఆమె మలుపు తిరగ్గానే వెనక గదిలోకి వెళ్లి, అక్క కూర్చునుండగానే మంచాన్ని వీధి గదిలోకి ఈడవసాగాడు.

"ఆ పిల్ల మాట నమ్మావన్నమాట," అంది అక్క.

"నమ్మలేదు. కాళ్లు పైకెత్తు, గడప తగులుతుంది."