అంత ఖరీదు దేనికంటే

నెలకో శనివారం లోవెల్ మిత్రబృందం అతని ఇంటి బేస్‌మెంట్‌లో చేరుతుంది. ఎవరి హెడ్‌ఫోన్స్ వాళ్ళు పెట్టెల్లో మోసుకొచ్చి, ఒకరివి ఒకరు పెట్టుకుని విని, ఆ ధరకు తగినవా కాదా అని వాదించుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఒక తల మీంచి ఇంకో తల మీదికి మారేముందు చెవి మెత్తలు తుడవడం లోవెల్ భార్య ఆర్డిస్ పని. ఆ పని ఆమెకెవరూ చెప్పలేదు. మొదటిసారి ఎవరో చెమట చూసి ముఖం చిట్లిస్తే తడిగుడ్డ తెచ్చింది, అంతే, ఆ గుడ్డ ఆమె చేతిలోనే ఉండిపోయింది. పైన ఓవెన్‌లో అందరికీ హాట్‌డిష్, మాంసం బంగాళాదుంపల వంటకం, ఉడుకుతూ ఉంటుంది, కింద ఆమె పరాయి మగవాళ్ళ చెవుల జిడ్డు తుడుస్తూ ఉంటుంది. డులూత్ ఊరి చలికాలంలో ఇంతకంటే మంచి కాలక్షేపం ఏముందంటాడు లోవెల్. అతనికి కాలక్షేపమే మరి.

లోవెల్ హెడ్‌ఫోన్స్ ఖరీదుకి ఓ పాత కారొస్తుంది. కొన్న రోజున, వీటిలో అంత ఏముందని ఆర్డిస్ అడిగింది. "నీకు చెప్పినా తెలీదులే. నీ చెవులకి డిష్‌వాషర్ మోతా, వయొలినూ ఒకటే" అన్నాడు. నిజమే కాబోలనుకుంది. పెళ్ళయిన కొత్తలో చర్చిలో పాడేదన్న సంగతి ఆమె కూడా మర్చిపోయింది. చెవులు పాడవుతాయని అతను శబ్దం ఎప్పుడూ పెంచడు, అదో గొప్ప. అయినా అవి పెట్టుకుంటే మెట్ల పైనుంచి ఎంత పిలిచినా పలకడు. "మా ఆవిడ గొంతు కెనడా దాకా వినబడుతుంది. నాకొక్కడికే ఈ హెడ్‌ఫోన్స్ పుణ్యమా అని ప్రశాంతత" అంటే బృందమంతా నవ్వింది. ఆర్డిస్ కూడా నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పక్కింటివాళ్ళకు కూడా తన అరుపులు వినబడుతున్నాయేమోనని సిగ్గుతో చచ్చిపోయింది. అరవకు, మెట్ల లైటు ఆర్పి వెలిగించు, వస్తానన్నాడు లోవెల్. అప్పటినుంచి భర్తను లైటుతో పిలిచేది.

కిందటి మార్చిలో అత్తగారు థెల్మా స్నానాలగదిలో జారిపడింది. బేస్‌మెంట్‌కి సరిగ్గా పైనే ఆ గది. ముసలావిడ తల టబ్బు అంచుకి కొట్టుకోకుండా ఆర్డిస్ చేతులు అడ్డం పెట్టి పట్టుకుంది. వదిలి లైటు దగ్గరికి వెళ్ళడానికి లేదు. కింద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్న లోవెల్ కోసం గొంతు పోయేదాకా అరిచింది. థెల్మా బట్టలు తడిసిపోయాయి, కోడలి ముఖం చూడలేక గోడవైపు తిరిగి ఏడ్చింది. చివరికి ఆర్డిస్ ఒక్కతే లేవదీసింది, నడుము పట్టేసింది. పాట అయ్యాక పైకొచ్చిన లోవెల్, "లైటు ఆర్పి ఉంటే వచ్చేవాణ్ణి కదా" అన్నాడు. అరిచినందుకు అతనికీ, లైటు వెయ్యలేకపోయినందుకు అత్తగారికీ, ఇద్దరికీ ఆర్డిస్ క్షమాపణ చెప్పుకుంది.

ఈ శనివారం బృందంలోకి రీనీ అని ఒకమ్మాయి కొత్తగా వచ్చింది. లోవెల్ హెడ్‌ఫోన్స్ విని, తీసి, ఆర్డిస్ వైపు చాచింది.

"ఇంట్లో పెట్టుకుని మీరెప్పుడూ వినలేదా?"

"ఆవిడకివన్నీ పట్టవమ్మా" అన్నాడు లోవెల్. రీనీ వినిపించుకోలేదు, ఆర్డిస్ తలకి తగిలించేసింది.

చెల్లో వాద్యం మొదలైంది. తీగ మీద కమాను రాసుకోవడం తెలిసింది, వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం తెలిసింది. నాకు వినబడుతోంది, నాకూ చెవులున్నాయి అనుకుంది ఆర్డిస్, కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతలో పాట మధ్యలో కుళాయి చప్పుడు. దగ్గు. పైన స్నానాలగదిలో, బృందంలోని ముసలి ఓర్విల్ తనలో తానే గొణుక్కుంటున్నాడు: "ఈ ఇంట్లో తువ్వాలెక్కడ పెట్టి చచ్చారో."

ఆర్డిస్ ఒక మెత్త పక్కకి జరిపింది. మళ్ళీ పెట్టుకుంది. ఓర్విల్ గొంతు రెండు విధాలా అంతే స్పష్టంగా ఉంది.

"బయటి మాటలు వినబడుతున్నాయేంటి?" అని అడిగింది.

"వీటికి వెనక మూత ఉండదు కదండీ, జాలీయే. మూసేస్తే ఇంత విశాలంగా పలకవు. ఆ ఖరీదు దానికే" అంది రీనీ.

ఆర్డిస్ చెవులు వేడెక్కిపోయాయి. అరిచిన ప్రతిసారీ సిగ్గుపడింది, సిగ్గుపడి నవ్వింది, నవ్వి క్షమాపణ చెప్పింది. ఇన్నాళ్ళూ కింద కూర్చుని అతను అవన్నీ విన్నాడు. తల్లి ఏడుపు కూడా. వినబడదన్న అతని మాట నమ్మి, ఆ జాలీని ప్రతి నెలా తన చేత్తోనే తుడిచిన తెలివితక్కువతనానికి ఇంతమందిలో నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. ఇది తన సిగ్గు కాదని మనసుకి తెలుస్తోంది, ముఖానికి తెలియడం లేదు.

"చెప్పు మరి," లోవెల్ నవ్వుతూ చేతులు కట్టుకున్నాడు, "ఆ ధరకు తగినవేనా?"

"తగినవే" అంది ఆర్డిస్. హెడ్‌ఫోన్స్ తీసి అతని చేతిలో పెట్టింది, తడిగుడ్డ కూడా పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఆ రోజు నీకు వినబడింది కదా, లోవెల్."

గదిలో అందరూ ఏ రోజని అతని వైపు చూశారు. లోవెల్ మాత్రం ఏ రోజని అడగలేదు.