మూగక్క నోట రాని అంకెలు

షట్టర్ లేపి లోపలికి అడుగు పెట్టగానే అలారం కీచుమంది. ఆమె ఎడమ అరచెయ్యి గొడుగులా అడ్డం పట్టి, కుడిచేత్తో అంకెలు నొక్కింది. కూత ఆగాక మెత్తని గుడ్డతో మీటలన్నీ ఒకేలా తుడిచింది. వేలి జిడ్డు వేటి మీదుందో కనిపిస్తే దొంగకు సగం పని తప్పించినట్టేనని ఆమె లెక్క.

కళ్ళజోళ్ళ షాపులో ఊడ్చి తుడిచే పని ఆమెది. పొట్టి మనిషి, కాస్త వంగిన వీపు, మాటిమాటికీ పట్టేసే మోకాళ్ళు. అందరికంటే ముందొచ్చి తెరిచేది ఆమే కనుక కోడ్ ఆమెకూ యజమానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. పొద్దుగూకేదాకా గలగలా వాగుతుంది గానీ, ఆ అంకెల మాటెత్తితే నోరు కుట్టేసుకుంటుంది. అందుకే వీధి వీధంతా ఆమెకు మూగక్క అని పేరు పెట్టింది.

"కట్టుకున్నవాడికి కూడా చెప్పవా?" అని భర్త ఎన్నిసార్లో మూతి ముడుచుకున్నాడు.

"చెబితే నీ నిద్రా చెడుతుందయ్యా" అనేది.

మోకాళ్ళు మొరాయించడంతో ఇవాళ్టితో పని మానేస్తోంది.

మధ్యాహ్నం కావస్తుండగా ఫోన్ మోగింది. యజమాని లోపల ఎవరికో కళ్ళు పరీక్షిస్తున్నాడు. ఆమే తీసింది.

"అలారం కంపెనీ నుంచమ్మా. మీ మిషన్ చెడిపోయింది. కోడ్ చెప్పారంటే ఇక్కణ్ణుంచే బాగు చేస్తాం. లేదంటే ఆగకుండా మోగుతుంది."

గొంతులో తేనె కారుతోంది.

"మోగనీ నాయనా, మా చెవులు గట్టివే" అని పెట్టేసింది. మిషన్ మీద అంటించి ఉన్న కంపెనీ నంబరుకు తనే చేసి అడిగింది. తామెవరూ ఫోన్ చెయ్యలేదన్నారు వాళ్ళు.

పక్కనున్న వాచీల షాపులోనూ ఇదే మిషన్! మోకాళ్ళు తిట్టుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్ళింది. వాచీల షాపాయన భోజనానికి తలుపు మూస్తున్నాడు.

"మీకూ ఫోనొచ్చిందా అన్నయ్యా?"

"వచ్చింది. మర్యాదస్తుడు. కోడ్ చెప్పాను. భోజనానికి ఎప్పుడు వెళ్తారనీ అడిగాడు."

"కొంప ముంచారు! ముందు కోడ్ మార్చండి."

అతను మిషన్ దగ్గరికి ఉరికాడు. "నా పుట్టినరోజు పెట్టనా?"

"ఏటా వీధంతా మీ మిఠాయిలు తింటోంది, ఆ తేదీ ఎవరికి తెలియదు? ఇంకేదైనా పెట్టండి. నాకు మాత్రం చెప్పకండి."

అతను కోడ్ మార్చి, పోలీసులకు కబురు చేసి, ఇంటికి వెళ్ళినట్టే వెళ్ళి ఎదురు షాపులో కాచుకున్నాడు. కాసేపటికి ఎవరో వెనక తలుపు విరగ్గొట్టారు. పాత అంకెలు నొక్కారు కాబోలు, సైరన్ వీధిని దద్దరిల్లించింది. సందులోకి ఉరికిన ఇద్దరు దొంగలూ నేరుగా పోలీసుల చేతుల్లో పడ్డారు.

వీధంతా చప్పట్లు కొట్టింది. వాచీల షాపాయన ఆమె చేతులు పట్టుకున్నాడు.

"వదలండన్నయ్యా, ఊడవడం సగంలో ఉంది" అంది ఆమె, పైకి విసుక్కుంటూ. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

సాయంత్రం యజమాని, "మూగక్కా, కొత్తమ్మాయికి కోడ్ చెప్పి వెళ్ళండి" అన్నాడు.

"చెప్పను బాబూ. పని మానేసినదానికి తెలిసిన కోడ్ షాపుకెందుకు? కొత్తది పెట్టండి."

అతను నవ్వి, కొత్తమ్మాయిని పిలిచాడు. మూగక్క గోడవైపు తిరిగి కళ్ళు కూడా మూసుకుంది. వెనక మీటలు ఒక్కొక్కటే పలుకుతుంటే, ఇన్నేళ్ళూ నాలుక కింద మోసిన బరువు కొద్దికొద్దిగా దిగిపోయింది.

"హమ్మయ్య! ఇక నా నోటికి కాపలా అక్కర్లేదు" అంది.

వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, గెలిచొచ్చిన మనిషిలా తలెత్తుకుని వెళ్ళిపోయింది.

తలుపు వెనక, షాపులో మాత్రమే వేసుకునే ఆమె నీలం రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగి, బొటనవేళ్ళ గుంటలతో, పక్కపక్కనే ఉన్నాయి.