చప్పిడి సంగటి

హారిక సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"అవ్వా, ఉప్పు లేదు."

"లేకుంటే ఏమి? మింగు. మజ్జిగ తాగు."

"మజ్జిగలోనూ లేదు."

"మాట్లాడద్దన్నానా!" అని బాలమ్మ మనవరాలి నెత్తిన ఒకటి మొట్టి, అరుగు మీద కూర్చున్న డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇంగేమడగల్లమ్మా? అడుగు. చెప్పి చెప్పి నా నోరు ఎండిపాయె."

అడిగి అడిగి డాక్టర్ మాధవీలత నోరు కూడా ఎండిపోయింది. హిందూపురం నుంచి పెనుకొండ దారిలో ఉన్న ఈ ఊరికి ఆమె ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఊళ్లో ఒకరి తర్వాత ఒకరుగా పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి, కాలేయం దెబ్బతింది. రక్తం పరీక్షిస్తే మామూలుగా కామెర్లు తెచ్చే వైరస్ ఒక్కటీ కనబడలేదు. ట్యాంకు నీళ్లు, బడిలో వండే అన్నం, చివరికి అంగట్లో అమ్మే రంగు ఐసు కూడా పరీక్షకు పోయాయి. అన్నీ బాగానే ఉన్నాయి. పిల్లలే బాగాలేరు.

హారిక అన్న పవన్ హిందూపురం ఆసుపత్రిలో మగతగా పడి ఉన్నాడు. తల్లీ తండ్రీ వాడి మంచం దగ్గరే ఉన్నారు. రేపటికి తేరుకోకపోతే బెంగళూరుకు ఎత్తుకుపోవాలని అక్కడి డాక్టర్లు చెప్పేశారు. కారణం తెలిస్తే దానికి తగిన వైద్యం చేయవచ్చు. తెలియకపోతే చీకట్లో రాయి విసిరినట్టే.

"వాడికి జబ్బు రాకముందు ఏమన్నా తాపినారా అవ్వా? పసరు గానీ, మాత్ర గానీ?"

"ఏమీ తాపలా."

"బాగా గుర్తు చేసుకో."

"గుర్తు చేసుకొనేకి ఏముండాది? తాపలా అంటే తాపలా!"

పక్కన నిలబడిన ఊరి ఆశా కార్యకర్త పుష్ప కల్పించుకుంది. "ఈళ్లు అట్లాంటోళ్లు కాదు మేడమ్. పదండి, ఎండెక్కుతాంది."

ఎదురింటి కదిరమ్మ ఇదే మాట చెప్పింది. వీధి చివరి ఝాన్సీ ఇదే చెప్పింది. బడిలో పాఠం అప్పగించినట్టు అక్షరం తేడా లేదు. తుమ్మితే మిరియాల కషాయం కాచే తల్లులు, ఊరంతా కలిసి ఒక్క చుక్క మందు కూడా బిడ్డల నోట్లో పోయలేదంటే ఎవరు నమ్ముతారు? మాధవీలతకు ఒళ్లు మండింది. లేచి నిలబడి తాగడానికి నీళ్లు అడిగింది. ఎంత విసుగున్నా ఇంటికొచ్చిన మనిషికి ఉత్త నీళ్లు ఇవ్వడం బాలమ్మకు చేతకాదు. హారికకు పోసిన చెంబులోంచే గ్లాసెడు మజ్జిగ వంచి ఇచ్చింది.

ఒక గుక్క తాగి డాక్టరమ్మ ఆగిపోయింది. చప్పిడి మజ్జిగ.

కామెర్లు వచ్చిన బిడ్డకు ఉప్పు మాన్పించడం ఈ సీమలో ఉన్నదే. కానీ హారికకు కామెర్లు లేవు. పొద్దునే తను పాప రెప్పలు ఎత్తి చూసింది, కళ్లు తెల్లగా ఉన్నాయి. జబ్బు అన్నదైతే చెల్లెలికి పథ్యం ఎందుకు?

"అవ్వా, పాపకు చప్పిడి ఎందుకు పెడతాండావు?"

బాలమ్మ చెయ్యి గిన్నెలోనే నిలిచిపోయింది. "ఎండలు కదమ్మా, అందుకని."

"ఎండలకు ఉప్పు మానేస్తారా? మాది ధర్మవరం అవ్వా. మా అవ్వ చేతి చప్పిడి తినే నేను పెరిగింది. మందు లేకుండా పత్యం యాడన్నా ఉండాదా?"

బాలమ్మ సంగటి గిన్నెను తన వెనక్కి జరుపుకుంది. ఇన్నాళ్లూ పళ్లబిగువున ఆపుకున్న కోపం డాక్టరమ్మకు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. "మీకు బుద్ధుందా? ఆడ వాడు సావు బతుకుల్లో ఉంటే ఈడ దాచిపెడతారా?"

"అరువు! అట్లే అరువు!" బాలమ్మ కూడా లేచింది. "అందుకే ఎవురూ చెప్పేది ల్యా. పోయినేడు కదిరమ్మ మొగునికి పసరు పోయించినామని నిజం చెప్తే, ఆసుపత్రోళ్లు పదిమందిలో తిట్టి, మళ్లా ఆ పసరు పోసే ఆయప్ప దగ్గరికే పొండి అన్లేదా? ఆ పొద్దు నుంచి ఈ ఊరోళ్లు ఆడ నోరు తెరిస్తే ఒట్టు." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొంతు దిగిపోయింది. "అదొగటే కాదమ్మా. పసరు తాపిన సంగతి బయట చెప్తే మందు ఇరుగుతాది, పని చెయ్యదు, బిడ్డ దక్కడన్నాడు ఆయప్ప. వాడు బతకల్లనే నేను నోరు కుట్టుకొని కూర్చునేది."

మాధవీలత మళ్లీ అరుగు మీద కూలబడింది. మొండితనం అనుకున్నది భయమని అప్పుడు తెలిసింది.

"అరిచింది తప్పే అవ్వా. ఇంగ అరవను. చెప్పు."

బాలమ్మ చెప్పింది. ఆ మధ్య చుట్టాల ఊళ్లో ఒకడికి కామెర్లు వచ్చాయి. అందరికీ భయం పట్టుకుంది. కొండ కింద పసరు పోసే ఆయన, రాకముందే తాపితే జన్మలో రాదన్నాడు. జ్వరాలు కూడా తిరుగుతున్నాయని ఈసారి ఆకుతోబాటు అంగట్లో కొన్న తెల్ల మాత్రలు గుప్పెడు నూరి కలిపాడు. జ్వరం మాత్రలే. ఇంటికొచ్చాక ఒళ్లు వెచ్చబడిన పిల్లలకు తల్లులు మళ్లీ అదే మందున్న జ్వరం సిరప్పు పోశారు. హారికకు ఒళ్లు వెచ్చబడలేదు కాబట్టి సిరప్పు పడలేదు. జ్వరం మందు మోతాదు మించితే కాలేయాన్నే కాల్చేస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారు గనుక?

"ఎవరెవరు పోయినారు?"

"అందురమూ. ఒగే ఆటోలో."

"ఒకే ఆటోలో పోయొచ్చి, ఇన్ని దినాలు ఒకరితో ఒకరు అనుకోలేదా?"

"చెప్పద్దన్నాడు కదమ్మా!"

నవ్వాలో ఏడవాలో తెలియక డాక్టరమ్మ పుష్ప వైపు చూసింది. పుష్ప తల ఎత్తలేదు.

"నీ కొడుక్కూ తాపినావా?"

"ఆటో మాట్లాడింది నేనే మేడమ్."

మాధవీలత నుదురు కొట్టుకుని ఆసుపత్రికి ఫోన్ చేసింది. కారణం తెలిసింది. దానికి విరుగుడు మందు ఉంది, వెంటనే ఎక్కించమంది. ఫోన్ పెట్టేసరికి బాలమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చిన్న సీసా తీసింది. అందులో పచ్చటి పసరు.

"ఇది రెండో తూరిది. రేపు ఆదివారం పరగడుపున పాపకు పొయ్యల్ల. అందరిండ్లలోనూ ఉండాది." సీసాను గుండెకు ఆనించుకుంది. "ఇది నీకిస్తే వాడికేమన్నా అయితే?"

"ఇస్తే ఏమీ కాదు అవ్వా. రేపు పోస్తే ఈ పాపనూ వాడి పక్క మంచంలో చూస్తావు."

బాలమ్మ హారికను చూసింది. సీసా డాక్టరమ్మ చేతిలో పెట్టింది. ఉప్పు డబ్బాలోంచి చిటికెడు తీసి సంగటి మీద చల్లి, వీధిలోకి నడిచింది. సాయంత్రానికి ఇంటింటి సీసా పుష్ప సంచిలోకి చేరింది. పుష్ప తన సీసానే మొదట వేసింది.

పవన్ తేరుకున్నాడు. ఝాన్సీ కూతురిని మాత్రం బెంగళూరుకు తీసుకుపోవాల్సి వచ్చింది, ఇంకా అక్కడి ఆసుపత్రిలోనే ఉంది. ముందే ఒక్క నోరు తెరుచుకుని ఉంటే ఆ బిడ్డకు ఆ గతి పట్టేది కాదు.

తరువాత బడి ముందర ఊరివాళ్లను కూర్చోబెట్టి మాధవీలత నాలుగు మాటలు చెప్పబోయింది. బాలమ్మ ఆమెను ఆపి తనే లేచింది.

"ఏమ్మే, ఇనండి. ఆసుపత్రోళ్లు తిడితే తిట్టనీ, తిట్టుకు సచ్చినోళ్లు ల్యారు. బిడ్డ నోట్లో ఏమి పోసినామో డాక్టరుకు చెప్పండి. చెప్తే ఇరిగిపొయ్యే మందైతే, అది మందే కాదు."