పేర్రాజు మేస్త్రి రొండిన పొడుం డబ్బా

నేను ఒక ఇత్తడి పొడుం డబ్బాను. నిమ్మకాయంత ఉంటాను. నన్ను చేసిన అజ్జరం ఊరి కంచరి మూత ఎంత బిగుతుగా కుదిర్చాడంటే, తీసిన ప్రతివాళ్ళూ ఒకసారి అతన్ని తిట్టుకోవలసిందే. నన్ను మొదట కొన్నది పేర్రాజు తండ్రి. ఆయన పొడుం పీల్చి తుమ్మితే పక్కింటి దూడ బెదిరేది. ఆ తుమ్ములు తప్ప అప్పట్లో నా వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

తండ్రి పోయాక కొడుకు రొండికి, నడుం దగ్గర పంచె మడతలోకి చేరాను. పేర్రాజు పెళ్ళి వంటల మేస్త్రి. తణుకు చుట్టుపక్కల ఎక్కడ పెళ్ళయినా గాడిపొయ్యి తవ్వించేది ఆయనే. పెళ్ళికూతురి పేరు మరిచిపోయినవాళ్ళు కూడా ఆయన గుమ్మడికాయ దప్పళాన్ని మరిచిపోరు. అరవై దాటాక ఆయన మోకాళ్ళు మొరాయించాయి. మందుల షాపులో డాక్టరు చీటీ అడక్కుండానే నొప్పి బిళ్ళలు ఇచ్చారు. వాటిని రేకుల్లోంచి ఒలిచి నాలో పోసుకున్నాడు.

బిళ్ళ పడితే మోకాళ్ళు మాట వినేవి. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ మా మేస్త్రికి తండ్రి నేర్పిన నియమం ఒకటుంది. ఆఖరి పంక్తి లేచేదాకా వంటవాడు ముద్ద ముట్టకూడదు. తెల్లవారుజామున పొయ్యి రాజేసిన మనిషి, ఉప్పు చూడటానికి అరచేతిలో చుక్క వేసుకోవడం తప్ప, పొద్దు వాలేదాకా ఏమీ తినడు. బిళ్ళలకు మాత్రం నియమం లేదు. మోకాలు కలుక్కుమన్నప్పుడల్లా నా మూత తీయడం, ఒకటి నోట్లో వేసుకోవడం! ఊరందరికీ కడుపునిండా పెట్టే మనిషి తన ఖాళీ కడుపులో వేసుకున్నది ఇదీ.

కొన్నాళ్ళకు కడుపులో మంట మొదలైంది.

"వేడి చేసిందే," అన్నాడు భార్య మాణిక్యంతో. ఆవిడ ఆయన పక్కనే కూర్చుని కూరలు తరుగుతుంది.

"ఆ మంటల ముందు ఉడికిపోతుంటే వేడి చెయ్యదేంటండీ? మజ్జిగ తాగండి."

మజ్జిగ అయింది, సబ్జా గింజలయ్యాయి, బార్లీ నీళ్ళయ్యాయి. వంటవాడికి ఏం వచ్చినా పొయ్యి మీదికి నెట్టేయడం మనుషులకు తేలిక. పాపం పొయ్యి కూడా నాలాగే నోరు లేనిది. ఆ తరవాత ఆయనకు దొడ్డికి నల్లగా, తారులా రావడం మొదలైంది. సిగ్గుపడి పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఆ సంగతి ఆయనకూ, రొండిన ఉన్న నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పుకునే దారి లేక నేనెంత విలవిల్లాడానో ఏం చెప్పను!

రేలంగిలో ఒక పెళ్ళిలో, పులిహోర కలుపుతూ కలుపుతూ కూలబడ్డాడు. కాఫీ డికాషన్ రంగులో వాంతి చేసుకున్నాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నా మూతతో కుస్తీ పట్టి, లోపలికి చూసి నిట్టూర్చింది.

"పొట్టలో పుండు పడి రక్తం కారుతోందమ్మా," అని మాణిక్యానికి చెప్పింది. "ఒక సూక్ష్మక్రిమి ఎన్నో ఏళ్ళుగా లోపల ఉండి పొట్ట గోడను పాడుచేసింది. దాని మీద ఈ బిళ్ళలు. ఈ వయసులో రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ క్రిమి ఇంట్లో ఒకరికుంటే మరొకరికీ ఉండొచ్చు. మీరూ పరీక్ష చేయించుకోండి."

"నాకేవండీ, గుండ్రాయిలా ఉన్నాను," అంది మాణిక్యం.

రక్తం ఎక్కించారు. క్రిమికి మందులిచ్చారు. మేస్త్రి బతికి బయటపడ్డాడు గానీ పొయ్యి ముందు నిలబడే సత్తువ పోయింది. మిగిలిన బిళ్ళల్ని ఆయనే కాలవలో పారబోశాడు. మాణిక్యం నన్ను చింతపండుతో తోమి, యాలకులు పోసింది. ఎంత హాయిగా ఉందో! ఇక నా బతుకంతా ఇదే వాసన అనుకున్నాను, వెర్రిదాన్ని.

ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఉన్నాయి. గరిటె మాణిక్యం చేతికి వచ్చింది. గరిటెతో పాటు ఆ నియమమూ వచ్చింది, మోకాళ్ళ నొప్పులూ వచ్చాయి. ఒకరోజు యాలకుల్ని కాగితంలో పొట్లం కట్టి, నాలో మళ్ళీ బిళ్ళలు పోసి, తన రొండిన దోపుకుంది.

"వద్దక్కా, బావగారికేవైందో చూశాం కదా," అంది తోడికోడలు కాంతం.

"ఆయన పొట్టలో పురుగుంది గనక అలా అయ్యిందే. నాకు పురుగూ లేదు, పుట్రా లేదు. ఆయనతో అనకు."

డాక్టరమ్మ చెప్పిన రెండు మాటల్లో తనకు కావలసింది ఒక్కటే ఏరుకుంది. నలభై ఏళ్ళుగా ఆయన తిన్న కంచంలోనే తిన్న మనిషి!

ఇవాళ పెళ్ళికి మేస్త్రి కూడా వచ్చాడు. వంటల పందిట్లో కుర్చీ వేయించుకుని, నూనె కాగిందో లేదో చప్పుడుని బట్టే చెబుతున్నాడు.

"ఏవే, ఏవైనా తిన్నావా?"

"ఆఖరి పంక్తి లేవనివ్వండి." ఎడంచెయ్యి పొట్ట మీద నొక్కిపెట్టి, మెల్లిగా అంది. "కాంతం, కాస్త మజ్జిగ ఇయ్యవే. వేడి చేసినట్టుంది."

మేస్త్రి తల తిప్పాడు. ఆవిడ రొండి వైపు చూశాడు.

"ఆ డబ్బాలో ఏంటే?"

"యాలకులండీ."

ఆవిడ అటు తిరిగినప్పుడు లోపలివన్నీ గలగలలాడాయి. యాలకులు అలా మోగవు. వినవయ్యా మేస్త్రీ, వినూ! ఆయన కుర్చీలో కాస్త ముందుకు వంగాడు.

"దప్పళం! ఇటు దప్పళం!" అని పంక్తిలోంచి కేక వినిపించింది.

"ముందు అటు చూడవే, అడుగుతున్నారు," అన్నాడు మేస్త్రి.

మాణిక్యం గరిటె అందుకుని వెళ్ళింది. ఆవిడ రొండిన నేనూ వెళ్ళాను.