మిషన్‌లో వేయకూడని బట్టలు

పూల షెడ్లలో పురుగుమందు కొట్టే అతనికి రొమ్ములు ఉబ్బాయి. నవ్వొస్తోందా? తోటి పనివాళ్ళూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ఏం వదినా, ఎన్నో నెల?" అని ఒకడు రోజూ పలకరించేవాడు. అతనూ పైకి ఇకిలించి, ఇంటికొచ్చాక చొక్కా విప్పడం మానేశాడు. భార్య పక్కన చేరితే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

పాపం, లోపం తనలోనే ఉందనుకుంది ఆమె. అనుకోదూ మరి! ఇప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. "నీ ఒంట్లో ఏదీ నిలవదే" అని అత్తగారు దెప్పని రోజు లేదు. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. ఈ బిడ్డయినా దక్కితే చాలని మొగుడూ పెళ్ళాం భయంభయంగా రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

నొప్పి ఓర్చుకోలేక, సిగ్గు చంపుకుని అతను చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె చూసింది, చేసే పని అడిగింది.

"మాస్కు పెట్టుకోవా?"

"షెడ్డులో ఉక్కపోతమ్మా. ఊపిరాడదు."

"హార్మోన్లు తారుమారైనట్టున్నాయి. ఆ మందు వల్లేనని నా అనుమానం. పరీక్షలు చేద్దాం, ముందు ఆ పని మానెయ్." చీటీ రాస్తూ తలెత్తకుండానే అడిగింది. "ఆ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"మా ఆవిడ. చేత్తోనే."

"మిషన్ లేదా?"

"ఉందమ్మా. అందులో వేస్తే మిషన్ పాడవుతుందని..."

ఆ మాట అన్నది తనే. మిషన్ కొన్నరోజు కంపుకొట్టే చొక్కా పైకెత్తి, "ఇది మాత్రం వేయకే, పాడై చస్తుంది" అని పెద్ద తెలివైనవాడిలా చెప్పాడు. ఆహా, ఏం తెలివి! ఇనుప డబ్బా మీద ఉన్న జాలి కట్టుకున్నదాని మీద లేకపోయింది.

చీటీ కూడా తీసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు.

ఆమె పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా నురగ. అతను ఆమె చేతిలోని చొక్కా లాగేసుకున్నాడు.

"వదిలెయ్! ముట్టుకోకు!"

"ఇదేం చోద్యమయ్యా? రేపు పనికేం తొడుక్కుంటావు?" నడుం పట్టుకుని మెల్లగా లేచింది. "పొద్దుటినుంచి పొత్తికడుపులో ఒకటే లాగుతోంది. ఈ చొక్కా ఒక్కటీ పిండేసి పడుకుందామనుకున్నా."

ఆమె చీర వెనక ఎర్రగా మరక కనిపించింది. అతను నీళ్ళోడుతున్న చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

లోపల్నుంచి తల్లి కేకేసింది.

"ఒరేయ్, ఆ మందు బట్టలు మిషన్‌లో పడేసేవు, జాగ్రత్త! బంగారంలాంటి మిషన్, పాడైపోతుంది!"