వీధి మొదట్లో బ్యానరు

ఆ పట్నంలో అద్దెలు ఎంత పైకెక్కాయంటే, బల్లులు కూడా గోడ మీద కుదురుగా ఉండలేక నెలకో ఇల్లు మారేవని చెప్పుకునేవారు. బల్లుల మాట ఎలా ఉన్నా, మాస్టర్ల సంగతి మాత్రం నిజం. రెండేళ్లలో అక్కడి బడికి వచ్చిన ముగ్గురు లెక్కల మాస్టర్లు మొదటి చాక్‌పీసు అరగకముందే మూటాముల్లె సర్దుకున్నారు.

నాలుగో ఆవిడ నిలబడింది. ఈవిడైనా పోకుండా ఉంటే చాలని పెద్దమాస్టారు ఆవిడ కోసం కాళ్లరిగేలా తిరిగి, బడి వెనక వీధిలో ఒక గది చూసిపెట్టారు. తన ఇంట్లో ఫ్యాను ఊడదీసి అక్కడ బిగించారు.

"మంచం కూడా మోసుకెళ్లండి, నేను నేల మీద పడుకుంటా" అంది ఆయన భార్య.

"చూశానే, ఆ గది గుమ్మంలో పట్టదు" అన్నారాయన.

ఆ ఏడు పదో తరగతిలో లెక్కలు తప్పినవాడు ఒక్కడూ లేడు. పెద్దమాస్టారికి కాలు నేల మీద నిలవలేదు. టీచరమ్మ "వద్దు సార్, మీకు పుణ్యముంటుంది" అని మొత్తుకుంటున్నా, ఆవిడ ఫొటోతో గుమ్మడికాయలంత అక్షరాలు రాయించి వీధి మొదట్లో బ్యానరు కట్టించారు.

చుట్టుపక్కల వీధుల్లో కాపురమున్నవాళ్ల పిల్లలకే ఆ బడిలో సీటు. వారం తిరగకుండానే పెద్ద పెద్ద కార్లు వీధిలో ఇళ్ల కోసం ఒకదాన్నొకటి రాసుకున్నాయి. టు-లెట్ బోర్డులన్నిటి మీదా 'మంచి బడికి దగ్గర' అన్న ముక్క వెలిసింది. టీచరమ్మ గది అద్దె రెట్టింపైంది.

ఇంటి ఓనరు ఒకప్పుడు పెద్దమాస్టారి దగ్గర బెంచీ ఎక్కినవాడే. ఆయన అతని గుమ్మం ఎక్కారు.

"ఒరేయ్, నీ వీధికి ఇంత గిరాకీ ఎవరివల్ల వచ్చిందిరా?"

"ఆ తల్లి వల్లే మాస్టారూ! నాకు దేవతతో సమానం. కానీ దేవతకైనా అద్దె అద్దే కదండీ. కాఫీ తాగుతారా?"

తాగలేదు.

నెలాఖరున ఊరు వదిలి వెళ్తూ టీచరమ్మ ఫ్యాను తుడిచి, అట్టపెట్టెలో పెట్టి తెచ్చిచ్చింది.

"తప్పు నాదేనమ్మా" అన్నారు పెద్దమాస్టారు.

"అయ్యో, మీదేం ఉంది సార్? చెప్పడం రానివాళ్ల ఉద్యోగం పోతుంది. నాకు వచ్చింది కాబట్టి ఇల్లు పోయింది."

ఆవిడ నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన పత్రికకు ప్రకటన రాయడానికి కూర్చున్నారు. 'లెక్కలు బాగా చెప్పగల ఉపాధ్యాయులు కావలెను.' 'బాగా' అన్న మాట దగ్గర కలం ఆగింది. దాన్ని కొట్టేశారు. పక్క గదిలో పదో తరగతి పిల్లలు చెప్పేవాళ్లు లేక గోల చేస్తున్నారు. ఆ గోల చాలాసేపు విని, కొట్టేసిన మాట పైన మళ్లీ అదే మాట రాశారు.