స్ట్రౌడ్ ఎగరని పోటీ

మా కాన్సస్ ఊళ్లో వెర్లిన్ స్ట్రౌడ్ పేరెత్తితే ముందు నవ్వేవారు, తర్వాతే మెచ్చుకునేవారు. వయసులో ఉండగా కర్ర పట్టి పద్దెనిమిది అడుగుల పైచిలుకు ఎగిరినవాడు, ఒలింపిక్ జట్టు ఎంపికలో మొదటి ఎత్తే దాటలేక, మూడు ప్రయత్నాలూ పోగొట్టుకుని సున్నాతో తిరిగొచ్చాడు. ఎందుకని అడిగితే ఆ పూట గాలి బాగాలేదనేవాడు. తర్వాత మా హైస్కూల్లో పోల్ వాల్ట్ కోచ్‌గా చేరి ఇరవై ఆరేళ్లు పిల్లలకు ఎగరడం నేర్పాడు. నేనూ ఆయన దగ్గర నేర్చుకున్నదాన్నే. చదువయ్యాక ఆయనకే సహాయకురాలినయ్యాను.

ఏప్రిల్లో ఒక శనివారం పోటీ జరుగుతోంది. మా జట్టు పిల్ల టెస్సా పదకొండున్నర అడుగులు దాటి, ఇంకాస్త గట్టి కర్ర కావాలంది. నేనే తీసిచ్చాను. దాని నడుమ ఎవరి బూటు మేకో తగిలి సన్నటి గీత పడి ఉంది. వంగేటప్పుడు ఫైబర్ కర్ర అలాంటి గీత దగ్గరే విరగొచ్చు. చూశాను. వేలితో రుద్దాను. ఏం కాదులే అనుకున్నాను.

స్ట్రౌడ్ ఎప్పటిలా కర్ర మోపే గుంట పక్కన నిలబడ్డాడు. "ఆ పరుగేంటి తల్లీ, బస్సు అందుకోవాలా? నెమ్మదిగా మొదలెట్టు" అన్నాడు. టెస్సా నవ్వి పరుగెత్తింది. కర్ర వంగింది. తుపాకి పేలినట్టు చప్పుడైంది.

మూడు ముక్కలు. పిల్ల దిగాల్సిన పరుపు వైపు కాక తలకిందులుగా గుంట మీదికే వస్తోంది. స్ట్రౌడ్ ఒక్క అంగలో ఆమె కిందికి దూరాడు. టెస్సా ఆయన మీద పడి, లేచి కూర్చుని, తన చేతులు తానే తిప్పి చూసుకుంది. చిన్న దెబ్బ కూడా లేదు. ఆయన మాత్రం లేవలేదు.

"కాళ్లు తెలియట్లేదు, ప్రూయిట్" అన్నాడు నాతో, వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా.

వెన్నుపూస చితికింది. మూడో రోజు ఆసుపత్రిలో ఆ గీత సంగతి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కిటికీ వైపు తిరిగాడు.

"గ్లెన్ అని నా స్నేహితుడు. ఎంపికకి పది రోజుల ముందు నా కర్ర అడిగాడు. గీత ఉందని తెలిసే ఇచ్చాను. అది విరిగి పడి, వాడు అక్కడే పోయాడు."

నేను కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"ఆ పోటీలో మూడుసార్లూ పరుగెత్తాను. మూడుసార్లూ కాలు నేల వదల్లేదు."

మరి గాలి అన్నారేమని అడిగాను.

"వాళ్లమ్మకి అదే చెప్పాను. గాలి వల్లే పడ్డాడని. అందుకే అందరికీ అదే చెప్పుకొచ్చాను. ఆవిడింకా బతికే ఉంది. నువ్వు మూడో రోజే చెప్పావు, నేను ఇన్నేళ్లయినా చెప్పలేదు. వెళ్లు, టెస్సా ఇంట్లోనూ చెప్పు."

చెప్పాను. వాళ్ల నాన్న నా మొహం మీదే తలుపు వేసేశాడు. ఐదు వారాలకు టెస్సా తనంతట తానే మైదానానికి వచ్చింది.

జూన్‌లో స్ట్రౌడ్‌ని కారులో నెబ్రాస్కా తీసుకెళ్లాను. గ్లెన్ తల్లి వరండాలో కూర్చుని ఉంది. ఆయన చక్రాల కుర్చీలో దగ్గరికి వెళ్లి చెప్పినంతసేపూ ఆవిడ రెప్ప వేయలేదు. ఆఖర్న లేచి, చాచి ఆయన చెంప మీద కొట్టింది. నేను పరుగెత్తబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. తర్వాత ఆవిడ తలుపు తెరిచి, ఆ కుర్చీని తన చేతులతోనే లోపలికి తోసుకెళ్లింది.